బీవర్ కనిపించని బీవర్ పాఠం: ఆరేడేళ్ల పిల్లలకు ఆరుబయట ఎలా చెప్పాలి?

గోదారిగట్టు (పశ్చిమ లండన్):

అందరికీ నమస్కారం. నేను పశ్చిమ లండన్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఇయర్ టూ తరగతికి, అంటే ఆరేడేళ్ల పిల్లలకు, పాఠాలు చెబుతున్నాను. మా బడికి దగ్గరలో, గ్రీన్‌ఫర్డ్‌లో, పారడైజ్ ఫీల్డ్స్ అనే చిత్తడి నేల ఉంది. ఒకప్పుడు గోల్ఫ్ మైదానంగా ఉన్న ఆ చోట, దుకాణాల సముదాయానికి ఆనుకునే, 2023 అక్టోబరులో ఐదు బీవర్లున్న ఒక కుటుంబాన్ని వదిలారు (బీవర్ అంటే నీటి ఒడ్డున ఉంటూ, పళ్లతో చెట్లు కొరికి వాగులకు అడ్డంగా కట్టలు కట్టుకునే జంతువు). చుట్టూ కంచె ఉన్నప్పటికీ పగటిపూట జనం లోపలికి వెళ్లి తిరగవచ్చు. ఇంగ్లండ్ పాఠ్యప్రణాళికలో ఇయర్ టూ సైన్సుకు ‘జీవులు, వాటి ఆవాసాలు’ అనే భాగం ఉంది కనుక, ఈ వేసవి టర్ములో ఆ భాగమంతా బీవర్ల చుట్టూ అల్లి, వీలైనంతవరకు ఆరుబయటే చెప్పమని మా ప్రధానోపాధ్యాయిని నాకు అప్పగించారు.

ఆలోచన బాగానే ఉంది కానీ, నాకు మూడు చిక్కులు కనబడుతున్నాయి. మొదటిది, బీవర్లు పొద్దుగూకాక బయటికి వచ్చి తెల్లవారేలోపు గూటికి చేరతాయి. మేమేమో పిల్లలను ఉదయం పదిన్నరకు తీసుకువెళ్లి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బడికి చేర్చాలి. బీవర్‌ను చూస్తామని గంపెడాశతో వచ్చిన పిల్లలకు బీవర్ కనబడకపోతే ఆ రోజంతా నీరుగారిపోతుందేమోనని బెంగగా ఉంది. ఇప్పటికే సగం తరగతి బీవర్లు చేపలు తింటాయనీ, తోకతో మట్టిని మెత్తి గోడలు కడతాయనీ కార్టూన్లు చూసి నమ్ముతోంది.

రెండవది తల్లిదండ్రుల సంగతి. మా తరగతిలో తెలుగువాళ్ల పిల్లలు కొందరు ఉన్నారు. బురదలో ఆడుకోవడానికి బడికి పంపాలా, అందులో సైన్సు ఎంత, లెక్కలు ఎంత అని వారిలో ఇద్దరు ముగ్గురు మర్యాదగానే అయినా గట్టిగానే అడిగారు. వారికి తృప్తికరమైన సమాధానం చెప్పాలని ఉంది.

మూడవది, ఈ దేశంలో బీవర్లను బొచ్చు కోసం వేటాడి ఒక్కటి కూడా మిగలకుండా చేశారన్న సంగతి ఇంత చిన్నపిల్లలకు చెప్పవచ్చా, చెబితే ఎంతవరకు చెప్పాలి?

మా ప్రాంగణంలో ఒక మూలన కొద్దిగా వాలుగా ఉన్న మట్టినేల, ఒక కుళాయి, కంచె వెంబడి విల్లో మొక్కలు ఉన్నాయి. ఇలాంటి పాఠాలు చెప్పిన అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

వేపచెట్టు (డెవన్):

గోదారిగట్టు గారికి నమస్కారం. నేను డెవన్‌లో ఫారెస్ట్ స్కూల్ శిక్షణ పొంది, చుట్టుపక్కల బడుల పిల్లలను వారం వారం అడవిలోకి, వాగుల ఒడ్డుకు తీసుకువెళ్లే పని చేస్తున్నాను. మా జిల్లాలోనే ఆటర్ అనే నది మీద 2015 నుంచి 2020 వరకు డెవన్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆధ్వర్యంలో బీవర్ల మీద అధికారిక పరిశీలన జరిగింది. అది ముగిశాక అవి అక్కడే స్వేచ్ఛగా ఉండవచ్చని 2020 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి మా వైపు పిల్లలకు బీవర్ అంటే పొరుగు ప్రాణి. అయినప్పటికీ వారిలో నూటికి తొంభైమంది దాన్ని కళ్లారా చూసి ఉండరు.

మీ మొదటి చిక్కుకు నా సమాధానం సూటిగా చెబుతాను. బీవర్‌ను చూపిస్తామని పిల్లలకు ఎప్పుడూ మాట ఇవ్వకండి. ‘ఇక్కడ రాత్రి ఎవరో పనిచేసి వెళ్లారు, వాళ్లు ఏం చేశారో, ఎందుకు చేశారో మనం కనిపెట్టాలి’ అని చెప్పి తీసుకువెళ్లండి. ఆరేళ్లవాడికి జంతువును దూరం నుంచి అరనిమిషం చూడటం కంటే, అది కొరికిన మోడు మీద వేలు పెట్టి పంటిగాటు లోతును తడిమి చూడటం ఎక్కువ గుర్తుంటుంది. ఇది నా అభిప్రాయమే కానీ, బలమైన అభిప్రాయం.

అయితే ఆ ఆనవాళ్లు పిల్లల కంటికి ఆనాలంటే ముందు బడి ప్రాంగణంలో కొంత పని జరగాలి. అందుకే చిత్తడి నేలకు వెళ్లడం చివర్లో పెట్టుకోమంటాను.

మొదట పళ్ల పాఠం. మీ కంచెలో విల్లో మొక్కలు ఉన్నాయన్నారు కదా, వాటి నుంచి బొటనవేలంత లావున్న పచ్చి కొమ్మలను జానెడేసి ముక్కలుగా కోయించి, ఒక్కొక్కరికి ఒక ముక్క, కూరగాయల చెక్కు తీసే పీలర్ ఒకటి ఇవ్వండి. కొమ్మను ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో ఒంటికి దూరంగా, కిందికి చెక్కాలి. పట్టుకున్న చేతికి తోటపని గ్లవ్ ఉండాలి. పైన గోధుమరంగు పొట్టు లేవగానే లోపల తడిగా, లేత ఆకుపచ్చగా ఒక పలుచని పొర కనబడుతుంది. బీవర్‌కు చలికాలమంతా కడుపు నింపేది ఆ బెరడూ, ఆ పొరే. దాని కింద తెల్లగా, గట్టిగా ఉన్న కలపను అది తినదు, కట్టడానికి వాడుకుంటుంది. చెక్కు తీసిన కొమ్మను వాసన చూడమనండి, తడిమి చూడమనండి. రేపు చిత్తడి నేలలో నీటి అంచున తెల్లగా నున్నగా పడి ఉన్న పుల్ల కనబడగానే, అది ఎవరో భోంచేసి వదిలేసిన పుల్ల అని వాళ్లంతట వాళ్లే చెబుతారు. చేపల అపోహ అక్కడితో తీరిపోతుంది, ఎందుకంటే బీవర్ పూర్తిగా శాకాహారి: వేసవిలో ఆకులు, గడ్డి, నీటిమొక్కలు, చలికాలంలో బెరడు.

పళ్లు నారింజరంగులో ఎందుకు ఉంటాయని తప్పక అడుగుతారు. ముందుపళ్ల ఎనామెల్‌లో ఇనుము ఉండటం వల్ల వాటికి ఆ రంగు, ఆ గట్టిదనం వచ్చాయి. పంటికి ముందువైపు గట్టి ఎనామెల్, వెనుకవైపు అంతకంటే మెత్తని పదార్థం ఉండటంతో కొరికేకొద్దీ వెనుకభాగం ముందు అరిగి, అంచు ఎప్పటికప్పుడు పదునెక్కుతుంది. అరిగినంత మేరా పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఈ వయసులో పాలపళ్లు ఊడుతున్న పిల్లలకు ఈ విషయం ఎంత ఆసక్తి కలిగిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ తరువాతది అసలు పాఠం, ఆనకట్ట. మీ వాలు మూలన చేయి వెడల్పున ఒక చిన్న కాలువ తవ్వించండి. ఎగువన ఒక పిల్ల మొక్కలకు నీళ్లుపోసే క్యాన్‌తో ఒకే తీరుగా నీళ్లు పోస్తూ ఉండాలి, దిగువన మిగతావాళ్లు పుల్లలు, రాళ్లు, మట్టి, గడ్డి వాడి ఆ నీటిని ఆపాలి. ఏమీ చెప్పకండి. మొదట అందరూ పుల్లలను కాలువకు అడ్డంగా పరుస్తారు, అవి తేలి కొట్టుకుపోతాయి. తరువాత ఒట్టి మట్టి కుప్ప పోస్తారు, అది కరిగిపోతుంది. ఎవరో ఒకరికి పుల్ల కొసను నేలలో గుచ్చాలని, దాని మీద రాయి ఎత్తాలని తోస్తుంది. ఆ తరువాత ఎగువ వైపు నుంచి గడ్డి, బురద కూరితే నీరే దాన్ని సందుల్లోకి ఒత్తుకుంటుందని తెలుస్తుంది. బీవర్ చేసేదీ దాదాపు ఇదే. బురదను తోక మీద మోసుకురాదు. ముందుకాళ్లతో గుండెకు హత్తుకుని తెస్తుంది. తోకతో ఈదేటప్పుడు దారి మళ్లించుకుంటుంది, చలికాలానికి కొవ్వు దాచుకుంటుంది, అపాయం వచ్చినప్పుడు నీటి మీద చప్పుడయ్యేలా కొట్టి ఇంటిల్లిపాదినీ హెచ్చరిస్తుంది. ఒక పిల్లవాడికి బురద ముద్ద ఇచ్చి, గుండెకు హత్తుకుని నడవమంటే చాలు, ఈ తేడా వాడు మరిచిపోడు. (చొక్కా సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి.)

ఇక్కడే ఒక వినికిడి ఆట కలపవచ్చు. స్వీడన్ జంతుశాస్త్రవేత్త లార్స్ విల్సన్ 1960లలో బీవర్ల మీద చేసిన ప్రయోగాల్లో, పారే నీటి చప్పుడును స్పీకరులో వినిపిస్తే అవి ఆ చప్పుడు వచ్చేచోట పుల్లలు, మట్టి తెచ్చి కుప్పపోశాయి. అంటే నీరు కారుతున్న చప్పుడే వాటిని పనిలోకి దింపుతుంది. మీ పిల్లలను ఆనకట్ట పక్కన కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, నీరు ఎక్కడ కారుతోందో చెవితో కనిపెట్టి వేలు చూపమనండి. తరగతిలో ఎన్నడూ నోరు మూసుకోనివారు కూడా ఆ కాసేపు ఊపిరి బిగబట్టి వింటారు.

అక్కడ నేర్చుకున్నదంతా చిత్తడి నేలలో పనికివస్తుంది. రెండు వైపుల నుంచీ కొరకడంతో నడుము సన్నబడి నిలబడ్డ చెట్టు, దాని చుట్టూ పడి ఉన్న వెడల్పాటి చెక్కపేళ్లు, పక్కపక్కనే జంటగా ఉండే పంటిగాట్లు, గడ్డిలోంచి నీటిలోకి జారిన అడుగుల దారి, కొమ్మలను తేలిక మీద లాక్కుపోవడానికి అవి తవ్వుకున్న సన్నని కాలువలు, వీటిలో మూడు దొరికినా ఆ రోజు మీది. కొరికిన విల్లో మోడు నుంచి కొత్త రెమ్మలు పొడుచుకువస్తుంటే అక్కడ తప్పకుండా ఆగండి. బీవర్ చెట్టును చంపేసిందని ఏడుపు ముఖం పెట్టిన పిల్లలు అక్కడే తేరుకుంటారు.

మీ పాఠ్యప్రణాళికలో ‘బతికి ఉన్నవి, చనిపోయినవి, ఎన్నడూ ప్రాణం లేనివి’ అని వర్గీకరించే అంశం కూడా ఉంది కదా. ఒక రాయి, ఒక ఎండుపుల్ల, అప్పుడే కోసిన పచ్చి విల్లో పుల్ల తెచ్చి మూడు కుప్పలుగా వేరు చేయమనండి. పచ్చి విల్లో పుల్ల చనిపోయిందనే అందరూ అంటారు. దాన్ని తడి మట్టిలో గుచ్చి వదిలేసి, కొన్ని వారాల తరువాత చిగుళ్లు వచ్చాక మళ్లీ అదే ప్రశ్న అడగండి.

తంగేడుపూలు (బర్మింగ్‌హామ్):

నేను పిల్లల వార్డులో నర్సును. పాఠం ఎలా చెప్పాలో నాకు తెలియదు కానీ, బురదనీరు అనగానే నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. వాగులు, కుంటల నీటిలో ఎలుకల మూత్రం ద్వారా చేరే బ్యాక్టీరియా వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. మన వైపు వరిపొలాల్లో దిగే కూలీలకు వచ్చేదీ ఇదే. ఈ దేశంలో అది అరుదు కాబట్టి భయపడవలసిన పని లేదు, జాగ్రత్త మాత్రం తప్పదు. బయలుదేరే ముందే పిల్లల చేతులు, మోకాళ్లు చూసి, గీరుకున్న చోట నీరు చొరబడని ప్లాస్టర్ వేయండి. తిండి ముట్టుకునే ముందు సబ్బుతో, పారే నీటితో చేతులు కడిగించండి. బురద పట్టిన చేతులకు జెల్ రాస్తే సరిపోదు. వెళ్లే చోట కుళాయి లేకపోతే ఒక డబ్బాలో నీళ్లు, సబ్బు మోసుకువెళ్లడమే మార్గం. తరువాత ఎవరికైనా జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే వాగు దగ్గరికి వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పమని తల్లిదండ్రులకు రాసి పంపండి. ఇంకొక మాట, మే నెలలో కూడా ఇక్కడ నీళ్లు చల్లగానే ఉంటాయి, కాబట్టి అదనపు సాక్సులు మీ సంచిలో ఎన్ని ఉన్నా ఎక్కువ కావు.

కృష్ణాతీరం (పెర్త్‌షైర్, స్కాట్లండ్):

గోదారిగట్టు గారూ, మీ మూడవ ప్రశ్నకు నాకు తోచింది రాస్తున్నాను. నేను పెర్త్ దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. మా తరగతిలో కూర్చునే పిల్లల్లో రైతుబిడ్డలు ఎక్కువ, వారి పొలాల పక్క వాగుల్లోనే బీవర్లు ఉన్నాయి. అందువల్ల వేపచెట్టు గారు రాసిన పాఠం చదువుతుంటే ఎంత ముచ్చటగా అనిపించినా, అందులో ఒక పక్షం వారు కనబడలేదు.

ముందు చరిత్ర సంగతి. పిల్లలకు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. వెచ్చని బొచ్చు కోసం, టోపీలకు ఉన్ని కోసం, తోక దగ్గరి గ్రంథుల నుంచి వచ్చే కాస్టోరియం అనే సుగంధద్రవ్యాన్ని మందుల్లో వాడటం కోసం, మాంసం కోసం మనుషులు బీవర్లను వేటాడగా, సుమారు 400 ఏళ్ల క్రితం ఈ ద్వీపంలో అవి లేకుండా పోయాయి. ఆరేళ్ల పిల్లలు ఈ మాట విని బెంబేలెత్తరు. ‘అన్నిటినీ చంపేస్తే ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?’ అని అడుగుతారు, అది మంచి ప్రశ్న. దానికి సమాధానం భూగోళపటం మీద వేలుపెట్టి చూపించగలిగేది: 2009లో నార్వే నుంచి తెచ్చిన బీవర్లను పశ్చిమ స్కాట్లండ్‌లోని నాప్‌డేల్ అడవిలో అధికారికంగా వదిలారు. మా టే నది ప్రాంతంలోవి మాత్రం ఏ అనుమతీ లేకుండా, తప్పించుకున్నవీ ఎవరో వదిలేసినవీ పెరిగి పెద్ద సంఖ్యకు చేరినవి. చరిత్రలో ఇలాంటి గజిబిజి ఉంటుందని పిల్లలకు చిన్నప్పుడే తెలిస్తే నష్టం లేదని నా ఉద్దేశం.

ఇక రైతుల సంగతి. మా వైపు ఉన్న స్ట్రాత్‌మోర్ మైదానం మంచి పంటభూమి. కాలువలు తవ్వి నీరు తీసేస్తేనే అక్కడ సాగు సాధ్యం. ఆ కాలువకు బీవర్ అడ్డుకట్ట వేస్తే, నేల కింద వేసిన మురుగుగొట్టాల్లోకి నీరు ఎదురుతన్ని పైరు ఉరకెత్తుతుంది. స్కాట్లండ్‌లో 2019 మే 1 నుంచి బీవర్లకు చట్టరక్షణ వచ్చింది, ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి. అయినా మా దగ్గర వేరే దారి లేనప్పుడు లైసెన్సు తీసుకుని వాటిని చంపడానికి కూడా చట్టం వీలిచ్చింది. ఈ చివరి సంగతిని ఇయర్ టూలో నేను ఎత్తను. పెద్ద తరగతులకు వదిలేస్తాను. కానీ బీవర్ చేసే ప్రతి పనీ అందరికీ మేలే అన్నట్టు చెబితే, మా తరగతిలో ఒక పిల్ల లేచి ‘మా నాన్న బంగాళాదుంపలు కుళ్లిపోయాయి’ అంటుంది, అప్పుడు గురువు ముఖాన నెత్తురుచుక్క ఉండదు.

మేము చేసేది ఇది. వేపచెట్టు గారు చెప్పిన కాలువ పక్కనే మట్టితో ఒక చిన్న పొలం చేసి, అందులో ఆవాలు చల్లి మొలకెత్తిస్తాము. తరువాత దిగువన ఆనకట్ట కట్టించి నీరు పోస్తే, ఎగువన ఉన్న పొలం మునుగుతుంది. పిల్లల్లో కొందరు బీవర్ కుటుంబం, కొందరు రైతులు, మరికొందరు కప్పలు, తూనీగలు. ఎవరికి ఏం కావాలో వాళ్లనే చెప్పనిస్తాము. కొంతసేపు వాదించుకున్నాక ఆనకట్టను మొత్తం పీకేయాలని ఒకరు, పొలాన్ని జరపాలని ఒకరు అంటారు. అప్పుడు నేను ఒక స్ట్రా తెచ్చి ఆనకట్ట మధ్యలో దూరుస్తాను. నీటిమట్టం స్ట్రా ఎత్తు దాటి పెరగదు, కట్ట నిలుస్తుంది, పొలం నీటిలోంచి బయటపడుతుంది. నిజంగానే మా వైపు కొన్నిచోట్ల ఇలాగే పెద్ద గొట్టాలను బీవర్ కట్టల్లో అమరుస్తున్నారు. నీరు పోయే చప్పుడు బీవర్‌కు వినబడకుండా గొట్టం మూతిని ఎగువన లోతుగా, జాలీ పంజరంలో ముంచుతారు. అన్నిచోట్లా ఈ ఉపాయం పారదని కూడా పిల్లలకు చెబుతాను.

చెరువుమత్తడి (రెడింగ్):

నేను వరదనీటి నిర్వహణలో పనిచేసే ఇంజినీరును, ఇయర్ వన్ చదివే పాపకు తండ్రిని కూడా. అందుచేత ‘బురదలో సైన్సు ఎంత’ అని అడిగిన తల్లిదండ్రులకు సమాధానం చెప్పే బాధ్యత నాకూ కొంత ఉందనుకుంటున్నాను.

బీవర్ కట్టలో అందరూ పొరబడే విషయం ఒకటి ఉంది. అది కారుతుంది, కారుతూనే ఉంటుంది. చాలామంది ‘బీవర్లు నీటిని ఆపేసి వరదలు రాకుండా చేస్తాయి’ అని చెబుతారు. నీటిని పూర్తిగా ఆపే కట్ట నిండిపోయాక వరదకు ఏమాత్రం పనికిరాదు. బీవర్ కట్ట నీటిని కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. ఒక కట్ట వెనుక మరొకటి ఉంటే వాన కురిసిన నీరంతా ఒక్క ఉదుటున కిందికి దూకకుండా విడతలుగా చేరుతుంది, దాంతో దిగువన నీరు ఎక్కే గరిష్ఠ మట్టం తగ్గుతుంది. మన ఊళ్లలో గొలుసుకట్టు చెరువుల సంగతి ఎరిగిన తెలంగాణ తల్లిదండ్రులకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: పై చెరువు మత్తడి దూకితేనే కింది చెరువుకు నీరు, అలా ఒకదాని తరువాత ఒకటి. గ్రీన్‌ఫర్డ్ స్టేషను వైపు వచ్చే వాననీటి ముంపును తగ్గించడం కూడా మీ దగ్గర బీవర్లను తెచ్చిన ఉద్దేశాల్లో ఒకటి కనుక, మీ పిల్లలకు ఇది పరాయి విషయం కాదు.

దీన్ని ఆరేళ్లవాళ్లు కొలవగలరు. ఒకే పొడవున్న రెండు వాననీటి గొట్టాలను, అంటే పైకప్పు అంచుకు బిగించే సగం గొట్టాలను, ఒకే వాలుగా పెట్టండి. ఒకటి ఖాళీ, రెండవదానిలో మూడు చోట్ల పుల్లలు, గడ్డి వదులుగా కూరాలి. రెండింటిలోనూ ఒకే కొలత నీళ్లు ఒకేసారి పోసి, దిగువన రెండు కొలజాడీలు పట్టుకోవాలి. గట్టిగా అంకెలు లెక్కపెడుతూ, ఐదు అనగానే ఏ జాడీలో నీరు ఏ గీతకు వచ్చిందో, పది అనగానే ఎంతకు వచ్చిందో రాసుకోవాలి. ఖాళీ గొట్టం జాడీ ముందే నిండుతుంది, రెండవది మెల్లగా నిండుతుంది, చివరకు రెండింటిలోనూ దాదాపు ఒకే మట్టం ఉంటుంది. ఈ చివరి సంగతి దగ్గర ఆగండి. నీరు ఎక్కడికీ పోలేదు, ఆలస్యమైంది. ఈ అంకెలను చుక్కలుగా కాగితం మీద పెడితే వచ్చే గీతలే, మా కార్యాలయంలో మేము గీసుకునే పటాలు. లెక్కలు ఎంత అని అడిగినవారికి ఆ కాగితం ఇంటికి పంపండి.

ఒక చిన్న సవరింపు కూడా చెప్పనివ్వండి. అన్ని బీవర్లూ కట్టలు కట్టవు. నీరు సరిపడా లోతుగా ఉన్న నదిలో వాటికి కట్టతో పని లేదు, గట్టులో బొరియ చేసుకుని ఉంటాయి. గూటి ద్వారం ఎప్పుడూ నీటి అడుగున ఉండాలి, అదే వాటికి కావలసింది. ఆ లోతు లేని చోట దాన్ని తెచ్చుకోవడానికే కట్ట. ‘ఎందుకు కడుతుంది?’ అని పిల్లలు అడిగితే ఈ కారణం చెప్పండి. అది మన వరదల కోసం కట్టదు.

గోదారిగట్టు (పశ్చిమ లండన్):

మీ అందరికీ కృతజ్ఞతలు. పీలర్లు, సగం గొట్టాలు రెండూ మా బడి సామాన్ల గదిలోనే ఉన్నాయి కాబట్టి రేపటి నుంచే మొదలుపెడతాను. కృష్ణాతీరం గారు చెప్పిన మునిగే పొలం పాఠాన్ని చివరి వారానికి ఉంచుకుంటాను. మా పిల్లల్లో రైతుబిడ్డలు లేరు కానీ, సెలవులకు ఊరికి వెళ్లి తాతగారి పొలం చూసినవారు ఉన్నారు.

ఇంకొక్క విషయం అడగాలి. మా తరగతిలో ఒక పాప చక్రాల కుర్చీలో వస్తుంది. గట్టు దారి వరకు కుర్చీ వెళుతుంది కానీ, బీవర్లు కొరికిన మోళ్లున్న తడి నేలలోకి వెళ్లదు. ఆ పాపను దారి మీద ఉంచి మిగతావారిని దింపడం నాకు ఇష్టం లేదు. అలాగే, రాత్రిపూట కెమెరాలో చిక్కిన బీవర్ల వీడియోలను వెళ్లేముందే చూపిస్తే పిల్లలకు నిరాశ తగ్గుతుందా?

వేపచెట్టు (డెవన్):

వీడియోను ముందు చూపించకండి. ముందే చూస్తే పిల్లలు అక్కడ తెరమీది బీవర్ కోసమే వెతుకుతారు, పుల్లలు, గాట్లు వారి కంటికి ఆనవు. వెళ్లివచ్చిన మరునాడు చూపిస్తే, ‘మనం చూసిన మోడు అదే, ఆ దారి అదే’ అని వాళ్లే తెర మీద గుర్తుపడతారు. చిత్తడి నేలను చూసుకునే సిబ్బందిని, కుదిరితే మీరు నడిచిన దారికి దగ్గరలో తీసిన వీడియోనే అడిగి చూడండి.

పాప సంగతి. మీరు ముందుగా ఒకసారి సిబ్బందితో కలిసి నడిచి, కుర్చీ వెళ్లగలిగిన దారి పక్కనే ఉన్న ఆనవాళ్లను గుర్తుపెట్టుకుని, పాఠమంతా ఆ దారి మీదే జరపండి. తరగతి మొత్తానికి అదే దారి. తడి నేలలో ఉన్నవాటిని సిబ్బంది అనుమతితో కొన్ని పైకి తెప్పించుకోవచ్చు: కొరికిన దుంగ ముక్క ఒకటి, చెక్కపేళ్లు ఒక గుప్పెడు, బెరడు ఒలిచిన పుల్లలు. వాటిని ఒక ట్రేలో పెట్టి కుర్చీ చేతుల ఎత్తున పట్టుకుంటే, చుట్టూ మూగే పిల్లల మధ్యలో ఆ పాప ఉంటుంది. బడిలో కాలువ ఆటను కూడా నేల మీద కాకుండా బల్ల ఎత్తున, పెద్ద ప్లాస్టిక్ ట్రేను కాస్త వాలుగా పెట్టి ఆడించండి. ట్రే దిగువ అంచు కింద బకెట్టు పెట్టడం మాత్రం మరవవద్దు, లేకపోతే నీళ్లన్నీ ఆ పాప ఒళ్లోకే వస్తాయి.